నాన్న సమాధి మీద దాసరి పిట్ట

నేను పిట్టలు చూసే మనిషిని కాదు. మందుల కంపెనీలో, మైక్రోబయాలజీ ల్యాబ్‌లో పని చేస్తాను. ఇంజెక్షన్లు నింపే గదుల్లో గాలి ఎంత శుభ్రంగా ఉందో చూడటం మా పని. గాజు పళ్లేల్లో ఏమీ మొలవకపోతే ఆ రోజు బాగా గడిచినట్టు. ఏదైనా మొలిచిందా, పైనుంచి కింది దాకా అందరికీ తలనొప్పి. ప్రాణమున్నది ఏదీ కంటపడకూడదని కోరుకుంటూ ఇన్నేళ్లు జీతం తీసుకున్నదాన్ని, కూర్చుని ఒక పిట్ట గురించి రాయడం నాకే వింతగా ఉంది.

దాన్ని మొదట చూసింది మా సమాధుల తోటలో. పటాన్‌చెరు దాటి పాశమైలారం వైపు వెళ్లే దారిలో, రెండు ఫ్యాక్టరీ గోడల మధ్య ఉంటుందది. మా చర్చి సంఘంవాళ్లు ఎప్పుడో, ఇక్కడ షెడ్లు లేవనప్పుడు కొన్న జాగా. నాన్నను అక్కడే సమాధి చేశాం. ఆదివారం ఆరాధన అయ్యాక అమ్మను బండి మీద తీసుకువెళ్లేదాన్ని. అక్కడికి వెళ్తే అమ్మకు గంట పడుతుంది. ప్రార్థన చేసుకుంటుంది, గడ్డి పీకుతుంది, మళ్లీ ప్రార్థన చేసుకుంటుంది. నాకు రెండూ సరిగా రావు. ఫోన్ చూస్తే బాగుండదు కాబట్టి చెట్లు చూసేదాన్ని.

ఒక ఆదివారం వెనకనుంచి ఎవరో తీరిగ్గా ఈల వేస్తున్నట్టు వినిపించింది. ఒక్కో మెట్టూ ఎక్కి, పైదాకా వెళ్లి, మళ్లీ రెండు మెట్లు దిగినట్టు ఒక చిన్న వరస. కాపలా అతనే అనుకుని కోపంగా వెనక్కి తిరిగాను. అతను గేటు పక్కన గోడకు ఆనుకుని టిఫిన్ డబ్బాలో చెయ్యి పెట్టుకుని ఉన్నాడు. నోరు నిండా అన్నం ఉంది. ఈల మాత్రం మళ్లీ వినిపించింది. అప్పుడు కానుగ చెట్టు లోపలి కొమ్మ మీద కనిపించింది.

పిచ్చుకంత ఒళ్లు, దాదాపు ఒళ్లంత తోక. వీపు మసి రంగు, కడుపు తెలుపు. కంటి మీదుగా, నుదుటిని చుట్టి, ఈ పక్కనుంచి ఆ పక్కకు తెల్లటి పట్టీ. ఒక్కచోట నిలవదు. కొమ్మ మీద ఇటు తిరుగుతుంది, అటు తిరుగుతుంది, రెక్కలు కిందికి వేలాడేసి తోకను విసనకర్రలా పూర్తిగా విప్పుతుంది, ముడుస్తుంది, గాల్లోకి ఒక పల్టీ కొట్టి దోమనో ఈగనో పట్టుకుని వచ్చి మళ్లీ మొదలుపెడుతుంది. ఆకుల్లో కదలకుండా దాక్కున్న పురుగులు ఆ తోక తెల్లగా మెరవగానే బెదిరి లేస్తాయని, లేచినవాటిని అది పట్టుకుంటుందని తర్వాత చదివాను. చదవకముందు మాత్రం, ఇంత చిన్న ఒంటికి ఇంత హడావిడి ఎందుకని విసుక్కున్నాను. మా ప్రొడక్షన్ మేనేజరు ఇలాగే నడుస్తాడు.

పుస్తకాల్లో దాన్ని దాసరి పిట్ట అని రాశారు. నుదుట నామాలు, ఎగురుతూ పాడుతూ ఊరు తిరిగే తీరు చూసి పెట్టి ఉంటారు. మా చుట్టుపక్కల ఎవరూ ఆ పేరుతో పిలవగా నేను వినలేదు. కాపలా అతన్ని అడిగాను.

"గదా? గది చలికాలం పిట్టమ్మా. ఎండలు రాంగనే పోతది, ఇగ కనబడదు," అన్నాడు, ఏమాత్రం తడుముకోకుండా.

అది ఎక్కడికీ పోలేదు. ఎండాకాలం ఉంది, వానాకాలం ఉంది, ఆ తర్వాతి చలికాలమూ అదే కానుగ చుట్టూ తిరిగింది. ఈ జాతి పుట్టిన చోటు చుట్టూనే బతికేస్తుందట. జంటగా ఒక తోపును పట్టుకుంటే దాన్ని వదలవు, వేరే జంటను రానివ్వవు. మగదీ ఆడదీ పక్కపక్కన పెట్టినా నేను పోల్చలేను, ఆడది కాస్త గోధుమ ఛాయ అంటారు గానీ మా తోట దుమ్ములో అన్నీ ఒకే ఛాయ. అమ్మకు పేరు చెబితే నవ్వింది.

"నామాలు పెట్టుకుని వచ్చి మన తోటలో కాపురం పెట్టిందా? పాస్టరు అయ్యగారికి చెప్పకు, బాప్తిస్మం ఇస్తానంటారు," అంది.

ఈ పిట్ట ఇంకెక్కడైనా ఉంటుందేమోనని కొన్నాళ్లు చూశాను. ఒకప్పుడు ఇక్కడంతా తుమ్మలు, రేగుపొదలు, మోదుగలు ఉండేవని సంఘంలో పెద్దవాళ్లు చెబుతారు. ఇప్పుడు ఆ జాగాలన్నీ షెడ్లు, గోదాములు, ట్రక్కులు ఆపుకునే మైదానాలు. ఫ్యాక్టరీ ఆవరణలో కొంత భాగం పచ్చగా ఉండాలని నిబంధన ఉంది. అందుకని మా కంపెనీ వెనక ఉన్న తుమ్మలనూ రేగుపొదలనూ జేసీబీతో ఊడబెరికించి, ఆ జాగాలోనే వరసగా కోనోకార్పస్ మొక్కలు నాటారు. అది తొందరగా పెరుగుతుంది, గోడలా కత్తిరించుకోవచ్చు, ఫోటోలో బాగుంటుంది. పురుగు పెద్దగా చేరదు. పురుగు చేరని చెట్టుతో ఈ పిట్టకేం పని? కొన్నేళ్లకు ఆ చెట్టు మంచిది కాదని పైనుంచి చెప్పారు, కొట్టేశారు. ఇప్పుడక్కడ గడ్డి తివాచీ పరిచారు. నిజానికి మా ఆవరణలో పిట్ట వాలితే అదొక లోపం. ఆడిట్‌కు వచ్చినవాళ్లు లోడింగ్ షెడ్డులో ఒక ఈక చూశారంటే మా అందరి ప్రాణాల మీదికి వస్తుంది. ఆ లెక్కన పిట్టలు రాని చెట్లు నాటడం మా వాళ్ల తెలివే.

సమాధుల తోటకు అలాంటి ఇబ్బంది లేదు. అక్కడ ఆడిట్ ఉండదు. వేపలు, కానుగలు, ఒక సీమచింత, గోడ పొడుగునా ఎవరూ నరకని రేగుపొదలు. చెట్ల కింద రాలిన ఆకు అలాగే ఉంటుంది, ఆకు కింద పురుగు ఉంటుంది, పురుగు కోసం పిట్ట ఉంటుంది. అడవి అంటే నవ్వుతారు గానీ, ఆ పిట్టకు సరిపడా అడవే అది. చనిపోయినవాళ్ల జాగా కాబట్టి ఇంతవరకూ ఎవరి కన్నూ పడలేదు.

నాన్న పోయాక వచ్చిన నాలుగో ఈస్టర్ ఏడాది, మార్చిలో, ఆ జంట గూడు మొదలుపెట్టింది. కానుగ కొమ్మ ఒకటి కిందికి వంగి నాన్న సమాధి తలవైపు ఉన్న సిలువకు తగులుతూ ఉంటుంది. ఆ కొమ్మ కొసన, నా తలకు కాస్త పైన, చూపుడు వేలంత లావు లేని చోట కట్టాయి. దాచాలనే ఆలోచన వాటికి లేదు. ఎవరొచ్చినా చూసేలా, బయటికే.

ఆ గూడు టీకొట్టు గాజు గ్లాసు కింది సగమంత ఉంటుంది. లోపల సన్నటి గడ్డిపోచలు, వేర్ల పీచు. పైన అంతా సాలెగూడు. ఒకటి ముక్కున పీచు పట్టుకొచ్చి అమర్చి వెళ్తే, ఇంకోటి సాలెపోగు తెచ్చి కొమ్మకు చుట్టి, బయటివైపు పూసేది. తర్వాత లోపల కూర్చుని గుండెతో అదుముతూ గుండ్రంగా తిరిగేది, గడ్డాన్ని అంచు మీద పెట్టి రుద్దేది. పని అయ్యేసరికి గూడు బూడిద రంగు గుడ్డ చుట్టినట్టు నున్నగా తయారైంది. సాలెగూళ్ల కోసం అవి గేటు దీపం దగ్గరికి వెళ్లేవి, కాపలా షెడ్డు చూరు కిందికి వెళ్లేవి, సమాధుల రాళ్ల మూలలన్నీ వెతికేవి. మా అమ్మ బూజుకర్ర తీసుకుని చేసే పనే. అమ్మ దులిపి పారేస్తుంది, ఇవి దులిపి ఇల్లు కట్టుకుంటాయి. ఇంట్లో చాలినంత బూజు లేకపోతే బతకలేని ప్రాణి ఒకటి ఉందని తెలిసి ల్యాబ్‌లో నాలో నేనే నవ్వుకున్నాను. అక్కడ బూజు అన్న మాట వింటేనే సమావేశం పెడతారు.

మార్చి చివర్లో ఒక ఆదివారం పిట్ట లేనప్పుడు ఫోన్ చెయ్యెత్తి పట్టుకుని ఫోటో తీశాను. గూట్లో ఒక గుడ్డు ఉంది. మీగడ రంగు, లావు కొస చుట్టూ గోధుమ చుక్కల వలయం. ఫోటో అమ్మకు చూపించాను. అమ్మ కళ్లజోడు పెట్టుకుని చూసింది. చూసి, ఫోన్ తిరిగి ఇచ్చేసి, సమాధిని చూసింది, కొమ్మను చూసింది.

"మరి సున్నం ఎలా వేస్తాం?" అంది.

ఇక్కడ ఈ సున్నం సంగతి చెప్పాలి. ఈస్టర్‌కు ముందు శనివారం మా సంఘంవాళ్లంతా తోటకు వస్తారు. గడ్డి పీకుతారు, అడ్డమొచ్చిన కొమ్మలు కొడతారు, ఎవరి సమాధికి వాళ్లు సున్నం వేస్తారు. మర్నాడు ఇంకా చీకటి ఉండగానే అందరూ పూలు, కొవ్వొత్తులతో వస్తారు, అక్కడే పాటలు, బైబిలు వాక్యం, ప్రార్థన. ఆ వెలుగులో సమాధులన్నీ తెల్లగా కనబడాలి. కలిగినవాళ్లు కొందరు గ్రానైటు వేయించుకున్నారు గానీ, అమ్మ ఒప్పుకోలేదు. గ్రానైటుకు సున్నం అంటదు.

నాన్న గుంటూరు వైపునుంచి ఇక్కడి పబ్లిక్ సెక్టార్ ఫ్యాక్టరీకి పనికి వచ్చాడు. పనిచేసింది ఫౌండ్రీలో. వారమంతా మసి. గోళ్లలో, చెవుల్లో, అన్నం తినే కంచం అంచున కూడా మసి. ఆదివారం మాత్రం తెల్ల చొక్కా. దాన్ని అమ్మ శనివారం సాయంత్రం ఉతికి, గంజి పెట్టి, నీలిమందులో ముంచి ఆరేసేది. ఇంకెవరినీ ముట్టుకోనిచ్చేది కాదు. కరోనా రెండో వేవ్‌లో నాన్న ఆసుపత్రిలో పోయాడు. అమ్మ ఇస్త్రీ చేసిన చొక్కా సంచిలో పెట్టుకుని గేటు దగ్గర నిలబడింది. అప్పటి నిబంధన ప్రకారం లోపలికి రానివ్వలేదు, చొక్కా తీసుకోలేదు. నాన్నను జిప్పు వేసిన సంచిలో తెచ్చారు, మమ్మల్ని దూరంగా నిలబెట్టి దించారు. అమ్మ ఆయన ముఖం చూడలేదు, ఒక మాట అనలేదు, ముట్టుకోలేదు. తర్వాతి ఏడాది ఈస్టర్ శనివారం బకెట్‌లో సున్నం కలిపి, అందులో నీలిమందు చుక్కలు వేస్తూ, "అప్పుడు వెయ్యనివ్వలేదుగా, ఇప్పుడు నేనే వేస్తా," అంది. నాతో అన్నదో, బకెట్‌తో అన్నదో తెలియదు. ఆ ఏడాది నుంచి ఆ పని మా ఇంట్లో పండుగ కంటే పెద్దది. ఇంట్లో కేకు లేకపోయినా ఫర్వాలేదు, బ్రష్ మాత్రం కొత్తది కావాలి.

అందుకే అమ్మ అడిగిన ప్రశ్న చిన్నది కాదు. కొమ్మ పక్కకు నెట్టకుండా సిలువకూ తలవైపుకూ బ్రష్ ఆడదు. కొమ్మ నెడితే గూడు ఆగదు.

"ఒక కొమ్మేగా, కొట్టేయిస్తే పోలా?" అంది అమ్మ.

"అందులో గుడ్డుందమ్మా."

"ఇంకో చోట పెట్టుకుంటుందిలే. పిట్టకేం, రెక్కలున్నాయి."

"పోనీ కాళ్లవైపు, పక్కల వేద్దాం. తలవైపు తర్వాత చూసుకుందాం."

"సగం చొక్కా ఎవరైనా వేస్తారటే?" అంది.

పొదగడానికి రెండు వారాలు, పిల్లలు ఎగరడానికి ఇంకో రెండు వారాలకు కాస్త తక్కువ. నేను వేళ్ల మీద లెక్కేసి, గుడ్ ఫ్రైడేకల్లా గూడు ఖాళీ అవుతుందని, శనివారం నిక్షేపంగా సున్నం వేసుకోవచ్చని అమ్మకు మాటిచ్చాను. ల్యాబ్‌లో పళ్లెం పెట్టిన గంట నుంచి లెక్కపెడతాం, ఇదీ అంతే అనుకున్నాను. అయితే ఈ పిట్ట రోజుకొక గుడ్డు పెట్టుకుంటూ పోయి, అన్నీ పెట్టాక గానీ సరిగ్గా పొదగడం మొదలుపెట్టదు. నేను ఫోటోలో చూసింది మొదటి గుడ్డు. ఆ సంగతి తెలిసేసరికి మాటిచ్చేశాను.

అప్పటినుంచి వారం మధ్యలో కూడా షిఫ్టు అయ్యాక తోటకు వెళ్లేదాన్ని. అమ్మకు ఇచ్చిన మాట నిలబడుతుందో లేదో చూడటానికేనని నాకు నేను చెప్పుకునేదాన్ని. రెండూ వంతులు వేసుకుని పొదిగేవి. కూర్చున్నదానికి తోక గూట్లో పట్టదు, అంచు మీదుగా బయటికి ఉంటుంది. వంతు మారేటప్పుడు వచ్చినది పక్క కొమ్మ మీద వాలి చిన్నగా పలుకుతుంది, కూర్చున్నది చప్పుడు చెయ్యకుండా జారుకుంటుంది. మా షిఫ్టు మారేటప్పుడు జరిగే గొడవలు అక్కడ లేవు. ఎంత నెమ్మదైనవో అనుకునేలోపు ఒక కాకి ఆ కానుగ మీద వాలింది. రెండూ కలిసి దాని మీద పడ్డాయి. ముక్కు టకటకలాడిస్తూ, వీపు మీద పొడుస్తూ, గోడ దాకా తరిమాయి. ఇంకో రోజు డేగ లాంటి చిన్న గద్ద వేప మీద కూర్చుంటే దాన్నీ లేపేశాయి. ఒళ్లు చూస్తే గుప్పెడు లేదు.

ఈస్టర్‌కు ముందు వచ్చే మట్టల ఆదివారం నాటికి మూడు పిల్లలు బయటపడి నాలుగైదు రోజులై ఉంటుంది. నా లెక్కకంటే వెనక. అమ్మ చేతిలో ఇంకా ఆరాధనలో పట్టుకున్న మట్ట ఉంది, దానితో సమాధి మీద రాలిన ఆకు ఊడుస్తూ తల ఎత్తి చూసింది. పెద్దపిట్ట వచ్చి పిల్ల నోట్లో పురుగు పెట్టింది, ఒక్క క్షణం ఆగింది, పిల్ల వెనక నుంచి తెల్లటి చిన్న పొట్లం లాంటిది ముక్కుతో తీసుకుని ఎగిరిపోయింది.

"అదేంటది?"

"పిల్ల రెట్ట. ఎప్పటిదప్పుడు తీసుకెళ్లి దూరంగా పారేస్తుంది. సమాధి మీద పడేవి వీటివి కాదు, గోరింకలవి."

"గుడ్డలు మార్చే పని కూడా ఉందన్నమాట," అంది అమ్మ. తర్వాత, "శుక్రవారానికి పోతాయిగా?" అంది.

"పోవచ్చు," అన్నాను. పోవని నాకు అప్పటికే తెలుసు. వారం చివరిదాకా చూద్దామనుకున్నాను.

బుధవారం సాయంత్రం వడగళ్ల వాన పడింది. మా ల్యాబ్ రేకుల మీద కంకర పోసినట్టు మోగింది. కిటికీ లేని గది కాబట్టి బయట ఏమవుతుందో తెలియదు. నాకు ప్లేట్లు చదవడం మీద మనసు నిలవలేదు. ఆఫీసు బస్సు వదిలేసి ఆటోలో తోటకు వెళ్లాను. నేల మీద కానుగ చిగుళ్లన్నీ పరిచి ఉన్నాయి. గూడు ఒక పక్కకు ఒరిగి ఉంది గానీ తెగలేదు. సాలెపోగు తెగదు, సాగుతుంది. అంచు ఒకవైపు సాగి కిందికి జారింది. ఆ ఒరిగిన గూట్లో పెద్దపిట్ట రెక్కలు సగం విప్పి, తడిసి ఒంటికి అతుక్కున్న ఈకలతో కూర్చుని ఉంది. నేను అంత దగ్గరికి వెళ్లినా లేవలేదు. సమాధి మీద, సిలువ పక్కన, ఒక పిల్ల చచ్చి పడి ఉంది. రేగుపొద కింద మట్టి తీసి పెట్టాను.

ఇంటికి వెళ్లి అమ్మకు చెప్పాను. శుక్రవారానికి పోవని కూడా చెప్పాను. మిగిలినవి ఇంకా ఎగరలేవని, ఇప్పుడు కదిలిస్తే భయపడి దూకేస్తాయని, దూకితే కింద పిల్లికో చీమకో దక్కుతాయని చెప్పాను. అమ్మ పప్పులో పోపు వేస్తూ విన్నది.

శుక్రవారం ఆరాధన అయ్యాక ఎప్పటిలాగే సున్నం నానబెట్టింది. కొత్త బ్రష్ కొనుక్కొచ్చింది. నాకు లోపల కోపంగా ఉంది. ఆ కోపం ఎవరి మీదో కూడా తెలియలేదు. అమ్మను అనడానికి నోరు రాదు. పిట్టను అనడానికి అది చేసిన తప్పు లేదు.

శనివారం పొద్దున తోటంతా జాతరలా ఉంది. బకెట్లు, చీపుర్లు, పిల్లల అరుపులు, పక్క గోడ అవతల జనరేటర్ మోత. మా సంఘ పెద్ద ఒకాయన వేటకత్తి పట్టుకుని వరసగా కొమ్మలు కొట్టుకుంటూ వస్తున్నాడు. లేత్ మెషిన్ మీద పని చేసి రిటైరైన మనిషి, ఏ పనైనా కొలిచినట్టు చేస్తాడు. మా దగ్గరికి వచ్చి కానుగ కొమ్మ చూశాడు.

"అక్కా, జెర పక్కకు జరుగుండ్రి. గీ కొమ్మ కొట్టేస్తా, మీకు సున్నం ఏసుటానికి సులువైతది."

"దాంట్లో గూడుందండి," అన్నాను.

"సూసిన బిడ్డా. కొమ్మతోని సహా మెల్లగ దించి గా వేప మీద పెడదాం. ఏం కాదు."

మంచి మనసుతోనే అన్నాడు. కొమ్మ వేప మీదికి మారితే పెద్దపిట్టలు పాత చోటే వెతుక్కుంటాయని ఆయనకు ఎలా తెలుస్తుంది? నేను చెప్పబోయేలోపు అమ్మ బకెట్ పట్టుకుని సమాధి తలవైపుకు వెళ్లింది. బ్రష్ సున్నంలో ముంచి పైకెత్తింది. అంతే, రెండు పిట్టలూ ఆమె మీద పడ్డాయి. ఒకటి ముఖం ముందు తోక విప్పి గింగిరాలు తిరిగింది. ఇంకోటి కొప్పు మీద పొడిచి, వెనక్కి వెళ్లి, మళ్లీ వచ్చి పొడిచింది. చుట్టుపక్కల సమాధుల దగ్గరివాళ్లు పని ఆపి చూశారు. ఎవరో నవ్వారు. అమ్మ కదలలేదు. చెయ్యి ఎత్తినది ఎత్తినట్టే ఉంది, బ్రష్ నుంచి సున్నం మోచేతి దాకా కారుతోంది. గూట్లోంచి రెండు తలలు బయటికి వచ్చి, గట్టిగా మూసుకున్న ముక్కులతో, ఆమెనే చూస్తున్నాయి.

కాసేపటికి అమ్మ చెయ్యి దించింది.

"వద్దులే తమ్ముడూ, కొమ్మ ఉండనీ," అంది సంఘ పెద్దతో.

"మరి సున్నం అక్కా? రేపు పండుగ గదా. సార్‌దొక్కటే నల్లగ కనబడతది."

"కనపడనీ."

ఆయన నా వైపు చూశాడు. నేను నేల చూశాను. ఆయన పక్క చెట్టుకు వెళ్లిపోయాడు. కలిపిన సున్నం ఇంటికి తీసుకుపోరు. రెండు వరసల అవతల ఎవరూ రాని సమాధి ఒకటి ఉంటే, అమ్మ బకెట్ అక్కడికి మోసుకెళ్లి దానికి వేసింది. శ్రద్ధగా, రెండు పూతలు వేసింది. నేను గడ్డి పీకాను.

ఈస్టర్ తెల్లవారుజామున అందరం కొవ్వొత్తులతో నిలబడ్డాం. ఎటు చూసినా తెల్లటి సమాధులు, మధ్యలో నాన్నది మాత్రం ఏడాది వానలకూ ఎండకూ నల్లబడి, నాచు పట్టి ఉంది. పొగ తగులుతుందని కొవ్వొత్తులు కాళ్లవైపే పెట్టాం. వచ్చినవాళ్లు చూసి, అమ్మను చూసి, అడగలేక వెళ్లారు. అడిగిన ఒకామెకు అమ్మ, "పైన పిల్లలున్నాయండి," అని మాత్రం చెప్పింది. ఎవరో చెప్పినట్టున్నారు, పాస్టరు అయ్యగారు వాక్యం చెబుతూ మా గూటిని తీసుకొచ్చి, ఖాళీ సమాధికీ త్వరలో ఖాళీ కాబోయే గూటికీ ముడిపెట్టారు. జనం తలలు ఊపారు. నాకు నచ్చలేదు. ఆ గూడు ఇంకా ఖాళీ కాలేదు, అందులో రెండు ప్రాణాలు చలికి ఒకదానికొకటి అదుముకుని ఉన్నాయి, మా అమ్మ వాటికోసం ఏం వదులుకుందో ఆయనకు తెలియదు. అమ్మ కొంగు తల మీదికి లాక్కుని, పాటలో కూడా నోరు కదపకుండా నిలబడింది. నాకు చాలా బాధ వేసింది. ఆ పిట్ట ఇంకెక్కడైనా కట్టుకుని ఉంటే ఎంత బాగుండేదని అనిపించింది.

పిల్లలు మంగళవారం ఎగిరాయి. అంటే ఎగిరాయని కాదు. సాయంత్రం నేను వెళ్లేసరికి గూడు ఖాళీగా ఉంది. వెతికితే వేప లోపలి కొమ్మ మీద రెండూ భుజం భుజం ఆనించి కూర్చుని కనిపించాయి. గోధుమ మచ్చల ఒళ్లు, మొద్దు తోక. ఆ తోకనే విప్పడానికి ప్రయత్నించి ఒకటి ముందుకు తూలింది. పెద్దవి వాటికి మేత తెచ్చి పెడుతున్నాయి. ఇంకా కొన్ని వారాలు అలాగే మేపుతాయట. ఇంటికి వచ్చి అమ్మకు చెప్పాను.

"రెండూనా?"

"రెండూ."

"రేపు నన్ను తీసుకెళ్తావా?" అంది.

"పండుగ అయిపోయిందిగా అమ్మా," అన్నాను. అప్పటిదాకా ఈ సున్నం నలుగురి మధ్య నాన్న తక్కువ కాకూడదని వేసేదనే అనుకునేదాన్ని. అమ్మ కొట్టుకు వెళ్లి సున్నం తెచ్చుకుంది.

బుధవారం సగం రోజు సెలవు పెట్టాను. తోటలో ఎవరూ లేరు. కాపలా అతను కూడా టీకి వెళ్లినట్టున్నాడు. రోడ్డు మీద ట్రక్కులు పోతున్నాయి, గోడ అవతల నుంచి ఎప్పుడూ ఉండే మందుల వాసన. ఖాళీ గూడున్న కొమ్మను నేను పక్కకు పట్టుకున్నాను. అమ్మ తడిగుడ్డతో నాచు తుడిచి, సిలువనుంచి మొదలుపెట్టి కిందికి వేసుకుంటూ వచ్చింది. వేప మీద పిల్లలు మేతకు అరుస్తున్నాయి. అమ్మ తలెత్తలేదు. పక్కలు అయ్యాయి, కాళ్లవైపు అయింది. ఒక పూత ఆరేదాకా కూర్చుని, రెండో పూత వేసింది.

నాలుగేళ్లుగా ఆమె అక్కడ దేవుడితో మాట్లాడటం విన్నాను. నాన్నతో మాట్లాడటం ఒక్కసారీ వినలేదు. అంచు దగ్గర చివరి గీత లాగి, బ్రష్ బకెట్ మీద అడ్డంగా పెట్టి, అరచేతిని ఆ తడి సున్నం మీద ఆనించింది.

"ఏమండీ, ఈసారి ఆలస్యమైంది," అంది. "నెత్తిన పిల్లలున్నాయి. లేపబుద్ధి కాలేదు."

ఇంకా ఏదో చెబుతోంది. నేను కొమ్మ మెల్లగా వదిలి, గుడ్డ తడిపిన బకెట్‌లో నీళ్లు అయిపోయాయని చెప్పి గేటు దగ్గరి కుళాయి వైపు నడిచాను. బకెట్‌లో నీళ్లు ఉన్నాయి.